పొయ్యి దగ్గర ప్రార్థన

ఆదివారం పొద్దున్నే చర్చి గంట మోగుతుంది. ఇంటాయన ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటూ ‘ఇంకా కాలేదా?’ అని హాల్లోంచి కేకేస్తుంటాడు. పిల్లాడికి ఒక కాలి సాక్సు దొరకదు. ఆ ఇంటి ఇల్లాలు మాత్రం నాలుగున్నరకే లేచింది. వాకిలి ఊడ్చింది, పాలు కాచింది, టిఫిన్ చేసింది, మధ్యాహ్నానికి కూర వండింది, పిల్లలకు తల దువ్వింది. తీరా గుడికి చేరేసరికి పాటలు అయిపోయి వాక్యం మొదలైంది. చివరి వరసలో కూర్చుని కళ్లు మూసుకుంటే... గ్యాస్ కట్టేశానా లేదా అన్న అనుమానం!

మిగతా ఆరు రోజులూ ఇంతకంటే గొప్పగా ఏమీ ఉండవు. ‘ఈ పని కాస్త తెమిలాక బైబిలు పట్టుకుంటా’ అనుకుంటుంది. పని తెమలదు. తెమిలేసరికి కళ్లు మూతలు పడిపోతుంటాయి. ఆఫీసుకెళ్లే ఆయనదీ, ఆటో నడిపే కుర్రాడిదీ, నైట్ డ్యూటీ చేసే నర్సుదీ అదే మాట. భక్తికి తీరిక కావాలి. ఆ తీరికే లేదు. అందుకే చాలా ఇళ్లలో చడీచప్పుడు లేకుండా ఓ పంపకం జరిగిపోయింది. ఆదివారం దేవుడికి, మిగతా వారమంతా బతుకుతెరువుకి!

ఈ పంపకానికి ససేమిరా అన్న వంటవాడొకడు మూడున్నర శతాబ్దాల కిందట పారిస్‌లో ఉండేవాడు. వంట అంటే ఇష్టమై వంటవాడైన మనిషి కాదు. ఆ పనంటే అతనికి మొదటినుంచీ గిట్టేది కాదు. అసలు కథంతా అక్కడే ఉంది.

మోడు చెప్పిన పాఠం

అతని పేరు నికోలా హెర్మన్. ఇప్పటి ఫ్రాన్స్‌కు ఈశాన్యాన ఉన్న లొరేన్ ప్రాంతంలో ఓ పేద కుటుంబంలో పుట్టాడు. చెప్పుకోదగ్గ చదువు లేదు. 18 ఏళ్ల వయసులో, చలికాలంలో ఓ రోజు ఆకులన్నీ రాలిపోయి మోడులా నిలబడ్డ చెట్టును చూశాడు. రోజూ చూసే చెట్టే. కానీ ఆ రోజు అతనికో ఆలోచన వచ్చింది. కొన్నాళ్లు పోతే ఇదే కొమ్మలకు చిగుళ్లొస్తాయి, పూలొస్తాయి, కాయలు కాస్తాయి. ఎండిందనుకున్న దాన్ని చిగురింపజేసేవాడు ఒకడున్నాడు! ఆ నమ్మకం అతని మనసులో నాటుకుపోయింది. ఏ గుళ్లోనో, ఎవరి ప్రసంగంలోనో కాదు... మోడు ముందు.

కానీ బతుకు వెంటనే చిగురించలేదు. యూరప్ అంతా ముప్పై ఏళ్ల యుద్ధంతో అట్టుడికిపోతున్న కాలమది. నికోలా సిపాయిగా చేరాడు. ఒకసారి శత్రువులకు చిక్కాడు. గూఢచారివంటూ ఉరి తీస్తామన్నారు. ఎలాగో బయటపడ్డాడు. మరోసారి గాయపడ్డాడు. ఆ దెబ్బకు కాలు కుంటిదైంది. అది జీవితాంతం అతన్ని వదల్లేదు. యుద్ధం నుంచి వచ్చాక ఓ ఖజానా అధికారి ఇంట్లో నౌకరుగా కుదిరాడు. అక్కడా అంతంతమాత్రమే. తానొక మొరటు మనిషిననీ, పట్టుకున్నదల్లా పగలగొట్టేవాణ్ననీ తర్వాత తనే చెప్పుకుని నవ్వుకునేవాడు.

అలాంటివాడు 1640లో పారిస్‌లోని కార్మలైట్ మఠంలో చేరాడు. గురువుగా కాదు. గురువు కావడానికి లాటిన్ రావాలి, వేదాంతం చదవాలి. ఇతను పనులు చేసిపెట్టే సామాన్య బ్రదర్. పేరు మార్చుకుని బ్రదర్ లారెన్స్ అయ్యాడు. మఠం పెద్దలు అతన్ని తీసుకెళ్లి వంటింట్లో పెట్టారు. పగలగొట్టే చేతులకు కుండలూ పళ్లేలూ అప్పజెప్పారన్నమాట!

గరిటె తిప్పుతూనే...

దాదాపు పదిహేనేళ్లు ఆ వంటింట్లోనే గడిచిపోయాయి. మఠంలో అందరికీ రోజూ వండాలి, వడ్డించాలి, గిన్నెలు తోమాలి. ఒకడు ఇది కావాలంటాడు, ఇంకొకడు అదేదీ అంటాడు. పైగా కుంటికాలు. మిగతావాళ్లు గుళ్లో మోకరించి కళ్లు మూసుకునే వేళకు ఇతని కళ్లలో పొయ్యి పొగ.

అప్పుడు లారెన్స్ ఓ నిర్ణయానికి వచ్చాడు. ప్రార్థన కోసం పని వదిలి వెళ్లలేనప్పుడు, పనిలోనే దేవుడితో మాట్లాడుకుంటే పోలా? పని మొదలుపెట్టే ముందు ‘ప్రభువా, ఈ పని నీ కోసం చేస్తున్నా, నాతో ఉండు’ అన్నట్టు ఓ మాట అనుకునేవాడు. మధ్యమధ్యలో పక్కనున్న మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేవాడు. పని బాగా కుదిరితే కృతజ్ఞత చెప్పేవాడు. చెడితే, తన తప్పు ఒప్పుకుని, దాన్నే తలచుకుంటూ కూర్చోకుండా మళ్లీ పనిలో పడేవాడు. పెనం మీద ఆమ్లెట్ తిరగేసినా దేవుడి మీద ప్రేమతోనే తిరగేశాననేవాడు. నేల మీద పడ్డ గడ్డిపరకను ఎత్తినా అంతే.

ఇదేదో పెద్ద సాధనలా కనిపించదు. కనిపించకపోవడమే దాని గొప్ప. ఇందుకు తీరిక అక్కర్లేదు. ప్రత్యేకంగా గది అక్కర్లేదు. చదువు అక్కర్లేదు. కొన్నేళ్లకు అతనికి ప్రార్థన వేళకూ పని వేళకూ తేడా తెలియకుండా పోయింది. నలుగురూ నాలుగు వైపుల నుంచి పిలుస్తున్న వంటింటి గోలలో కూడా, గుళ్లో మోకాళ్ల మీద ఉన్నప్పటి నిమ్మళమే తనకుండేదని చెప్పుకున్నాడు.

నిజానికి ఈ మాట కార్మలైట్లకు మరీ కొత్తదేం కాదు. 16వ శతాబ్దంలో ఆ సభను సంస్కరించిన స్పెయిన్ సన్యాసిని, ఆవిలా తెరెసా కూడా తన సోదరీమణులకు ఇలాంటిదే చెప్పింది. వంటింట్లో పని పడితే నొచ్చుకోవద్దని, ఆ కుండల మధ్యనా ప్రభువు తిరుగుతుంటాడని ధైర్యం చెప్పింది.

పదేళ్ల చీకటి

ఇక్కడితో ఆపేస్తే ఇదో చక్కని నీతికథ. కానీ లారెన్స్ తన గురించి దాచుకోకుండా చెప్పిన సంగతి మరొకటుంది. మఠంలో మొదటి పదేళ్లూ అతను నలిగిపోయాడు. పాత తప్పులన్నీ కళ్ల ముందు తిరిగేవి. తనకు దేవుడి దయ దక్కదేమో, తాను నశించిపోయినవాణ్నేమో అన్న భయం వెంటాడేది. పడేవాడు, లేచేవాడు, మళ్లీ పడేవాడు. తోటి మనుషులూ, బుద్ధీ, చివరికి దేవుడూ తనకు ఎదురు తిరిగినట్టు అనిపించేది. గిన్నెలు తోముతూ దేవుడితో మాట్లాడిన మనిషికి, అవతలి నుంచి జవాబే లేనట్టుండేది.

ఆఖరికి ఒకరోజు, ఈ బాధ బతికినంతకాలమూ ఉన్నా సరే, దేవుడి మీద ప్రేమతో చేసే పని మాత్రం మాననని తేల్చుకున్నాడు. స్వర్గం దక్కుతుందా, నరకం దక్కుతుందా అన్న లెక్క వదిలేశాడు. అలా వదిలేశాకే మనసు కుదుటపడిందని చెప్పాడు.

పనిలో దేవుణ్ని వెతుక్కోవాలనుకునే ఎవరికైనా ఈ పదేళ్ల సంగతే ఎక్కువ ధైర్యమిస్తుంది. సోమవారం మొదలుపెట్టి బుధవారానికి విసుగొస్తే అది మన విశ్వాసంలో లోపం కాదు. అంట్లు తోముతూ ప్రార్థించబోతే మనసు పాలవాడి బాకీ మీదికి పోయిందనుకోండి... లారెన్స్‌దీ అదే అనుభవం. ప్రార్థనలో మనసు చెదిరిపోతోందని ఒకరు ఉత్తరం రాస్తే, దానితో కుస్తీ పట్టొద్దని, మెల్లగా వెనక్కి పిలుచుకోవాలని జవాబు రాశాడు. ధనవంతుడి గుమ్మం ముందు నోరులేని బిచ్చగాడిలా దేవుడి ఎదుట ఊరికే కూర్చున్నా చాలన్నాడు.

పీపాల మీద దొర్లుతూ...

తర్వాత్తర్వాత కాలి నొప్పి ఎక్కువైంది. నిలబడి వంట చేయలేకపోయాడు. మఠంలో చెప్పులు బాగుచేసే పని ఇచ్చారు. కుండలు పోయి తోలూ సూదీ వచ్చాయి. దేవుడితో మాటలు మాత్రం ఆగలేదు. మఠానికి ద్రాక్షసారా కొనుక్కురమ్మని దూరంగా ఉన్న బర్గండీకి పంపితే, ఆ బేరం సంగతులు తనకు తెలియకపోయినా వెళ్లాడు. పడవలో కుంటికాలితో నడవలేక పీపాల మీదుగా దొర్లుకుంటూ కదిలాడు. ఇది నీ పని, నువ్వే చూసుకో అని దేవుడికి చెప్పేశాననీ, పని సవ్యంగానే అయిందనీ నవ్వుతూ చెప్పేవాడు.

ఈ కుంటి వంటవాడి నిమ్మళం గురించి విని 1666లో జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు అతన్ని వెతుక్కుంటూ వచ్చాడు. నాలుగుసార్లు కూర్చుని మాట్లాడించి, విన్నదంతా రాసిపెట్టుకున్నాడు. 1691 ఫిబ్రవరిలో లారెన్స్ చనిపోయాడు. ఆ మాటలూ, అతను రాసిన ఉత్తరాలూ తర్వాత కొద్ది ఏళ్లలోనే అచ్చయ్యాయి. సొంతంగా పుస్తకమే రాయని మనిషి పుస్తకం అది! కేథలిక్ మఠంలో పుట్టిన ఆ మాటల్ని 18వ శతాబ్దంలో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ తన పాఠకులకు అందించాడు. శాఖలు వేరైనా వంటిల్లు అందరిదీ కదా! ఇంగ్లిషులో ‘ది ప్రాక్టీస్ ఆఫ్ ద ప్రెజెన్స్ ఆఫ్ గాడ్’ పేరుతో దాన్ని ఇప్పటికీ చదువుతూనే ఉన్నారు.

ఎసట్లో వేసే ముందు ఓ పిడికెడు

పారిస్ మఠం సరే, మన ఇళ్ల సంగతేమిటి అంటారా? మన దేశంలోనే మిజోరంలో ఏ ప్రెస్బిటేరియన్ ఇంటికైనా వెళ్లి చూడండి. ఇల్లాలు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా ముందు ఓ పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వేస్తుంది. పూటపూటా అంతే. ఇలా పోగైన బియ్యాన్ని సంఘంలోని స్త్రీలు ఇంటింటికీ తిరిగి సేకరిస్తారు. అమ్మగా వచ్చిన డబ్బు సంఘం చేసే సేవకు వెళుతుంది. దీన్ని వాళ్లు ‘బుహ్‌ఫై థమ్’ అంటారు. పిడికెడు బియ్యం అని అర్థం.

ఇది 1910లో మొదలైంది. మరుసటేడాదే అక్కడ వెదురు పూసింది. దాదాపు 48 ఏళ్లకోసారి అడవి అడవంతా ఒకేసారి పూయడం, ఆ గింజలు తిని ఎలుకలు లెక్కలేనన్ని పెరగడం, అవి పంటల మీద పడి ఊడ్చేయడం... ‘మౌతమ్’ అని పిలిచే కరవు అది. 1911-12లో ఆ కరవొచ్చింది. పిడికెడు తీయడం అలవాటవుతుండగానే తిండికి కటకట వచ్చిందన్నమాట. అయినా ఆ అలవాటు చావలేదు. 1959లో మళ్లీ మౌతమ్ వచ్చింది, 2007లోనూ వచ్చింది. పిడికెడు బియ్యం నేటికీ డబ్బాలో పడుతూనే ఉంది. ఏటా కోట్ల రూపాయలు అవుతోంది. ధనవంతులు రాసిచ్చిన చెక్కులు కావవి... వేలాది వంటిళ్లలో పూటపూటా ఒక్క క్షణం ఆగిన చేతులు.

తెలుగు పల్లెల్లోనూ ఈ పిడికెడు కొత్త కాదు. 1912లో డోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందిన వి.ఎస్.అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. తమిళనాట పుట్టి, తెలుగు నేర్చుకుని తెలుగువాళ్ల మధ్యే పనిచేశారు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది భూమి లేని దళిత కూలీలు. వాళ్లు పేదవాళ్లు, ఏమిస్తారులే అని ఆయన ఊరుకోలేదు. ఇవ్వడం కలిగినవాళ్ల హక్కు మాత్రమే కాదని నమ్మారు. ఉన్నదాంట్లోంచే ఇవ్వడం నేర్పారు. నేటికీ కోతల పండుగ రోజున చాలా పల్లె చర్చిల్లో బలిపీఠం ముందు ధాన్యం, గుమ్మడికాయలు, కోడిపుంజులు కనిపిస్తాయి. చేలో చేసిన పని, దొడ్లో చేసిన పని నడిచి గుడిలోకి వచ్చిన రోజు అది.

కూలికెళ్లే ఇంట్లో పిడికెడు బియ్యమంటే మాటలు కాదు. ఒకరికి ఓ ముద్ద తగ్గుతుంది. ఆ సంగతి తెలిసీ చెయ్యి ఆగుతుంది చూడండి... ‘ఈ బియ్యం నావే కాదు’ అని గుర్తొచ్చే ఆ క్షణం. పారిస్ వంటవాడు పెనం దగ్గర పట్టుకున్నది ఆ క్షణాన్నే.

మార్త మాట మరిచిపోతే ఎలా?

అయితే ఇందులో ఓ మెలిక ఉంది. ‘వంటిల్లే నీకు గుడి’ అని ఇల్లాలికి చెప్పి, మిగతావాళ్లు తీరిగ్గా ముందు వరసలో కూర్చోవడానికి ఈ కథలు వాడుకోవచ్చు. వాడుకున్నారు కూడా. మొదట గుర్తుంచుకోవాల్సిందేమిటంటే ఆ పారిస్ వంటింట్లో గిన్నెలు తోమింది మగవాడు!

బేతనియలో మార్త ఇంటికి యేసు వచ్చినప్పటి సంగతి లూకా సువార్తలో ఉంది. చెల్లెలు మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని మాటలు వింటోంది. మార్త ఒక్కతే వంటా వడ్డనా చూసుకుంటూ సతమతమైపోయింది. వచ్చి ఫిర్యాదు చేసింది, సాయం చేయమని చెల్లితో చెప్పమంది. పనులన్నీ నెత్తినేసుకుని కంగారుపడుతున్నావని యేసు ఆమెను మెత్తగా మందలించాడు. మరియ ఎంచుకున్నది ఆమె దగ్గర్నుంచి తీసేయడం కుదరదన్నాడు. వంటింటి పని పేరు చెప్పి ఎవరినీ ఆ పాదాల దగ్గర్నుంచి లేపొద్దని ఆ మాటకు అర్థం.

చాలామంది మార్తను అక్కడే వదిలేస్తారు. కానీ యోహాను సువార్తలో ఆమె మళ్లీ కనిపిస్తుంది. తమ్ముడు లాజరు చనిపోయినప్పుడు ఊరి బయటికి ఎదురెళ్లి, నువ్వు క్రీస్తువని నమ్ముతున్నానని చెప్పింది ఈ మార్తే. ఆ తర్వాత మరోసారి విందు జరిగితే వడ్డించింది కూడా ఆమే. ఈసారి ఫిర్యాదు లేదు. ఆమె పని మారలేదు, పనిలో ఆమె మనసు మారింది.

రేపటి నుంచి...

దీనికి పెద్ద తీర్మానాలు అక్కర్లేదు. ఉన్న పనుల్లోంచి ఒకదాన్ని ఎంచుకోండి. బియ్యం కడగడమో, బండి స్టార్ట్ చేయడమో, షాపు షట్టరెత్తడమో... రోజూ తప్పనిది ఏదైనా సరే. ఆ ఒక్క పనికి ముందు ఒక్క మాట అనుకోండి. మరిచిపోతే మర్నాడు అనుకోండి. మన చేతి పని ఎవరికి చేరుతుందో వాళ్లను తలచుకోవడం కూడా ప్రార్థనే. డబ్బా సర్దేటప్పుడు ఆకలితో మూత తీసే పిల్లాణ్ని, ఫైలు చూసేటప్పుడు దానికోసం ఆఫీసు చుట్టూ తిరుగుతున్న ముసలాయన్ని తలచుకుంటే, పనిలో నిర్లక్ష్యం దానంతటదే తగ్గుతుంది. పూర్తయ్యాక కృతజ్ఞత. కుదరకపోతే క్షమాపణ. లారెన్స్ చేసిందీ ఇంతే. ఇంత చిన్నదాన్ని ఏళ్ల తరబడి వదలకుండా చేశాడు, అదే తేడా.

సువార్తల్లో ఇంకో పొయ్యి ఉంది. లేచిన యేసును చూసినా ఏం చేయాలో తోచక శిష్యులు తమ పాత పనికే, చేపల వేటకే వెళ్లారు. రాత్రంతా వల వేసినా ఒక్క చేప పడలేదు. తెల్లవారాక ఒడ్డుకొస్తే అక్కడ బొగ్గుల మంట, దాని మీద చేపలు, పక్కన రొట్టె. వచ్చి తినమని పిలుస్తున్నాడు ఆయన. ఆ ఏడుగురిలో పేతురూ ఉన్నాడు. కొన్నాళ్ల కిందట మరో బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ ఆయనెవరో తెలియదని మూడుసార్లు బొంకినవాడు. మరణాన్ని గెలిచి వచ్చినవాడు ఆ బొంకినవాడి కోసం చేసిన పని... టిఫిన్ వండి పెట్టడం! పేతురును మళ్లీ దగ్గరకు తీసుకున్న మాటలన్నీ ఆ తిండి తిన్నాకే.

వంటపని దేవుడికి చిన్నదిగా అనిపించలేదు. మరి ఆయన పేరు పెట్టుకున్న ఇంట్లో అది ఒక్కరి మీదే ఎందుకు పడాలి? వచ్చే ఆదివారం ఇంటాయన హాల్లోంచి కేకేయకుండా వంటింట్లోకి వచ్చి ఉల్లిపాయలు తరిగితే, పిల్లాడు తన సాక్సు తనే వెతుక్కుంటే, గంట మోగేసరికి అందరూ కలిసి గుమ్మం దాటితే... ఆ ఇంట్లో ఆరాధన అప్పటికే మొదలైపోయినట్టు.